కోండా-ఫోర్జ్‌లో కొత్త ప్యాకేజీని చేర్చే విధానం

2015లో మొదలై స్వచ్ఛంద నిర్వాహకుల శ్రమతో నడుస్తున్న కోండా-ఫోర్జ్‌లో (కోండా అనే పరికరంతో ఇన్‌స్టాల్ చేసుకునే ప్యాకేజీల భాండారంలో) మీ సాఫ్ట్‌వేర్‌ను చేర్చాలంటే, ముందుగా గిట్‌హబ్‌లోని ‘స్టేజ్డ్-రెసిపీస్’ రిపాజిటరీని మీ ఖాతాలోకి ఫోర్క్ చేసుకుని (నకలు తీసుకుని), ‘రెసిపీస్’ ఫోల్డర్‌లో ప్యాకేజీ పేరుతో ఒక ఫోల్డర్ సృష్టించి, అందులో రెసిపీని, అంటే ప్యాకేజీని ఎలా నిర్మించాలో చెప్పే ఫైలును, ఉంచాలి. పైథాన్ ప్యాకేజీకైతే గ్రేస్కల్ అనే పరికరం రెసిపీ ముసాయిదాను తయారుచేసి ఇస్తుంది. అయినా దానిని పంక్తి పంక్తీ చదివి సరిచూసుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కోరేది రెసిపీలోని డిపెండెన్సీల (ప్యాకేజీకి అవసరమయ్యే ఇతర సాఫ్ట్‌వేర్‌ల) విభాగం. ప్యాకేజీని నిర్మించడానికి వాడే కంపైలర్, సీమేక్ వంటి పరికరాలను ‘బిల్డ్’ కింద, లింక్ చేయవలసిన లైబ్రరీలను ‘హోస్ట్’ కింద, ప్రోగ్రాం నడవడానికి కావలసినవాటిని ‘రన్’ కింద రాయాలి. ఈ తేడాను పట్టించుకోకపోతే, బిల్డ్ సాఫీగా పూర్తయిన ప్యాకేజీ కూడా వాడుకరి కంప్యూటర్‌లో లైబ్రరీ దొరకక ఆగిపోవచ్చు. సోర్స్ ఆర్కైవ్ చిరునామాతో పాటు దాని షా-256 విలువను (ఫైలు మారలేదని సరిచూసే సంకేతాన్ని), లైసెన్స్ ఫైలును తప్పక పేర్కొనండి. లైసెన్స్‌ను జతచేయడం మూల రచయితల పట్ల మనం చూపవలసిన కనీస గౌరవమని నా అభిప్రాయం.

పుల్ రిక్వెస్ట్ (మీ మార్పులను చేర్చమనే అభ్యర్థన) పంపాక బిల్డ్‌లు వాటంతటవే నడుస్తాయి. సమీక్షకులు దానిని విలీనం చేసిన తరువాత మీ ప్యాకేజీకి ‘ఫీడ్‌స్టాక్’ అనే ప్రత్యేక రిపాజిటరీ ఏర్పడుతుంది. అక్కడ వెర్షన్ మారకుండా రెసిపీని మాత్రమే సవరించినప్పుడు బిల్డ్ సంఖ్యను 1 పెంచాలి; కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ఆ సంఖ్యను మళ్లీ 0కు మార్చాలి.