గిటార్ యాంప్‌లో రెండు స్పీకర్లు సమానంగా పలకకపోతే

రెండు 12 అంగుళాల స్పీకర్లున్న యాంప్‌లో ఒకటి గట్టిగా, ఒకటి నీరసంగా పలుకుతోందనిపిస్తే, స్క్రూడ్రైవర్ తీసేముందు మీరు నిలబడ్డ చోటు మార్చండి. ఈ సైజు స్పీకర్ ట్రెబుల్‌ని టార్చిలైటులా ఎదురుగానే కొడుతుంది. పక్కకు జరిగితే చాలు, మూగబోయినట్టే ఉంటుంది. చెవిని కోన్ (స్పీకర్‌లో కదిలే గరాటు లాంటి కాగితం) ఎత్తుకు దించి, ఒక్కోదాని ముందూ ఒకే దూరంలో కూర్చుని వినండి.

రోలండ్ జేసీ-120 అయితే ముందు కోరస్ ఆపండి. కోరస్ వేస్తే ఒక స్పీకర్‌లో మామూలు ధ్వని, రెండోదాంట్లో శ్రుతి ఊగే ధ్వని వస్తాయి. దాని తయారీయే అంత. రిపేరు పెట్టుకోవద్దు.

తేడా నిజమేనని తేలితే ప్లగ్ పీకి, వెనక పలక విప్పి, స్పీకర్ వైర్లు తీయండి. ఛాసిస్ (యాంప్ సర్క్యూట్ ఉండే లోహపు పెట్టె) జోలికి పోవద్దు, ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. ట్యూబ్ యాంప్‌ని స్పీకర్ తగిలించకుండా ఆన్ చేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కే ముప్పు.

మల్టీమీటర్‌ని ఓమ్స్ (కరెంటుకు అడ్డు, అంటే రెసిస్టెన్స్) మీద పెట్టి కొలిస్తే 8 ఓమ్స్ స్పీకర్ 6-7 దగ్గర, 16 ఓమ్స్‌ది 12-13 దగ్గర చూపించాలి. మీటరు పెట్టి ఉంచే, కోన్‌ని నాలుగు వేళ్లతో సమంగా, మెల్లగా నొక్కండి. అంకె కాస్త ఊగడం మామూలే, కోన్ వెనక కదిలే తీగచుట్ట, అంటే కాయిలే కరెంటు పుట్టిస్తుంది. అంకె మాయమై ఓఎల్ (దారి తెగిందని మీటరు గుర్తు) పడుతూ ఉంటే కోన్‌కి వెళ్లే అల్లిక తీగ తెగుతోందన్నమాట. గరగరమంటే కాయిల్ మాగ్నెట్‌కి రాసుకుంటోంది, కోన్ మార్పించాలి. రెండూ కాకపోతే వైరు చివర క్లిప్పులు చూడండి. వదులైతే ప్లయర్‌తో కొద్దిగా నొక్కి బిగించండి. కొన్ని కేసులు ఇక్కడే తెమిలిపోతాయి.

పాత యాంప్ కొన్నవాళ్లు లేబుళ్లు తప్పక చదవాలి. ఫెండర్ ట్విన్ రివర్బ్‌లోలా ప్యారలల్ (రెండూ పక్కపక్కన నేరుగా యాంప్‌కి) కలిపిన చోట 8 ఓమ్స్ పక్కన 16 పెడితే, 8 ఓమ్స్‌దే రెట్టింపు పవర్ లాగేస్తుంది. సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) తిరగబడి 16 ఓమ్స్‌ది లాగుతుంది. ఓమ్స్ కలిసినా సెన్సిటివిటీ (అదే పవర్‌కి ఎంత గట్టిగా పలుకుతుందో) కలవాలి: సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్‌ది 98 డెసిబెల్స్, వింటేజ్ 30ది 100. అంత తేడా చెవికి తెలుస్తుంది.

రెండూ మోగుతున్నా బేస్ పలచబడితే ఒకదానికి ప్లస్, మైనస్ తారుమారై ఉండొచ్చు, ముందు ఆ తగిలింపు సరిచూడండి. అది సరిగ్గానే ఉంటే, వైర్లు తీసి ఒక్కో స్పీకర్‌కి 1.5 వోల్టుల బ్యాటరీ ఒక్క క్షణం తాకించండి, ప్లస్‌కి ప్లస్. రెండు కోన్‌లూ ఒకేవైపు కదలాలి. ఎదురెదురుగా కదిలితే ఒకదాని వైర్లు అటూఇటూ మార్చండి.

జేసీ-120లో రెండు స్పీకర్లకూ వేర్వేరు పవర్ యాంప్‌లు కాబట్టి, స్విచ్ ఆపి ఎడమ వైర్లు కుడిదానికి, కుడివి ఎడమదానికి మార్చి వినండి. నీరసం అవతలి స్పీకర్‌కి మారితే లోపం యాంప్‌లో ఉంది, మెకానిక్ పని. అదే స్పీకర్‌లో నిలిచిపోతే స్పీకర్ మార్చండి, వీలైతే రెండూ ఒకే మోడల్.