ల్యాప్‌టాప్‌లో రెండో ఓఎస్ పెట్టే ముందు

విండోస్ తీసేయకుండా, వర్చువల్‌బాక్స్ (విండోస్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) వేసుకుని అందులో ఉబుంటు (లినక్స్ రకం ఓఎస్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్) నడుపుకోవాలనుకునేవాళ్లకు ఈ నాలుగు మాటలు. ఇన్‌స్టాల్ చేయడం పెద్ద పనేం కాదు. ముందు చూసుకోవాల్సినవి చూసుకోకపోతేనే తిప్పలు.

మొదట టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కండి. అక్కడ వర్చువలైజేషన్ (ఇలా లోపల ఇంకో కంప్యూటర్ నడపడానికి ప్రాసెసర్ ఇచ్చే సౌకర్యం) ఎనేబుల్డ్ అని ఉంటే సరే. డిజేబుల్డ్ అని ఉంటే బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందే వచ్చే సెట్టింగ్స్‌లోకి) వెళ్లి ఆన్ చేయాలి. అయితే బయోస్ ముట్టుకునే ముందు బిట్‌లాకర్ (డ్రైవ్‌కు విండోస్ వేసే తాళం) రికవరీ కీ తీసి పెట్టుకోండి. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో మనకు తెలియకుండానే డ్రైవ్‌కు తాళం పడి ఉంటుంది. బయోస్‌లో ఏదైనా మారిస్తే ఒక్కోసారి నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల కీ అడుగుతుంది. అది చేతిలో లేకపోతే ఫొటోలు, సర్టిఫికెట్లు అన్నీ లోపలే ఉండిపోతాయి. కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అదే ల్యాప్‌టాప్‌లో దాచుకుంటే ఏం లాభం?

8 జీబీ ర్యామ్ ఉంటే ఉబుంటుకు 4 మించి ఇవ్వద్దు. ఎక్కువిస్తే విండోస్‌కు ఊపిరాడదు, రెండూ కలిసి నత్తనడక నడుస్తాయి.

ఇన్‌స్టాల్ మధ్యలో ‘ఎరేస్ డిస్క్’ అని కనిపించగానే అందరికీ టెన్షనే. వర్చువల్‌బాక్స్ కిటికీ లోపల అయితే భయం లేదు, చెరిగేది ఉబుంటు కోసం విండోస్‌లో ఒక ఫైల్‌గా ఉండే ఆ వర్చువల్ డిస్క్ ఒక్కటే. అదే ఐఎస్ఓను (ఉబుంటు ఇన్‌స్టాల్ ఫైల్‌ను) పెన్‌డ్రైవ్‌లో వేసి ల్యాప్‌టాప్ బూట్ చేసి నొక్కితే మాత్రం అసలు డిస్కే పోతుంది.

ఇక స్నాప్‌షాట్లు, అంటే లోపలి ఉబుంటు ఆ క్షణంలో ఎలా ఉందో వర్చువల్‌బాక్స్‌లో దాచిపెట్టుకోవడం. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. మా తమ్ముడు బీటెక్ ప్రాజెక్టంతా ఉబుంటులోనే చేశాడు. ఒకరోజు సీ డ్రైవ్ నిండిపోయి గీత ఎర్రబడింది. వర్చువల్‌బాక్స్ స్నాప్‌షాట్స్ ఫోల్డర్‌లో 11 జీబీ ఫైల్ కనిపిస్తే, పాతదేలే అనుకుని షిఫ్ట్ డిలీట్ కొట్టాడు. స్నాప్‌షాట్ తీసిన దగ్గర్నుంచి చేసిన మార్పులన్నీ చేరేది ఆ ఫైల్‌లోనే. మూడు వారాల కోడ్ పోయింది. ఆ రాత్రి వాడు అన్నం కూడా తినలేదు. అందుకే చెబుతున్నా, ఆ ఫోల్డర్‌లో చేత్తో ఏదీ తీయకండి. స్నాప్‌షాట్ వద్దనుకుంటే వర్చువల్‌బాక్స్‌లోంచే డిలీట్ చేయండి, అదే మార్పులను సరిగ్గా కలుపుకుంటుంది. ఉబుంటు లోపల ఫైళ్లు చెరిపినంత మాత్రాన బయట విండోస్‌లో ఉన్న వర్చువల్ డిస్క్ ఫైల్ దానంతటది తగ్గదు కాబట్టి సీ డ్రైవ్‌లో ముందే ఖాళీ ఉంచుకోండి.

షేర్డ్ ఫోల్డర్ (ఉబుంటుకూ కనిపించే విండోస్ ఫోల్డర్) ఇస్తే రీడ్-ఓన్లీగా, అంటే చదవడానికి మాత్రమే ఇవ్వండి. లేదంటే ఉబుంటులో పొరపాటున చెరిపింది విండోస్‌లోనూ పోతుంది.

స్నాప్‌షాట్‌ను బ్యాకప్ అనుకోవద్దు, హార్డ్‌డిస్క్ పాడైతే అదీ దాంతోనే పోతుంది. వారానికోసారి లోపలి ఉబుంటును షట్‌డౌన్ చేసి, వర్చువల్‌బాక్స్‌లోని ఎక్స్‌పోర్ట్ అప్లయన్స్‌తో దాన్ని ఫైల్‌గా తీసి బయటి హార్డ్‌డిస్క్‌లో పెట్టండి. తీసిన ఫైల్‌ను ఒకసారి ఇంపోర్ట్ చేసి, తెరుచుకుంటోందో లేదో కూడా చూసుకోండి.