కొన్న వారంలోనే దూరం వెళ్లకండి

పోయిన ఆదివారం మా స్నేహితుడి కారు హైవే మీద పల్టీ కొట్టింది. ఆ బండి సెకండ్ హ్యాండ్‌లో కొని అప్పటికి నాలుగు రోజులే. లోపల ఐదుగురు, డిక్కీ నిండా సామాను. వెనక ఎడమ టైరు పేలింది. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు గానీ, వాళ్ల పెద్దబ్బాయి తొడ ఎముక విరిగి ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఆ టైరుని నేను వెళ్లి చూశాను. గ్రిప్పు సగానికి పైగానే ఉంది. పాలిష్ పూసి నిగనిగలాడించారు. పక్కన అచ్చువేసిన అంకెలు చూస్తే దాని వయసు పదకొండేళ్లు.

సెలవులు దగ్గరపడ్డాయి. ప్రయాణాల కోసమే చాలామంది ఇప్పుడు పాత కారు కొంటారు, కొన్న సంబరంలో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని బయల్దేరతారు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. కాగితాలు చూసుకోండి, తెలిసిన మెకానిక్‌కి చూపించండి, ఇవన్నీ మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నేను మళ్లీ మళ్లీ చూసిన ఒకే ఒక్క తప్పు వేరు. కొన్న వారంలోనే దూర ప్రయాణం పెట్టుకోవడం.

పాత కారు వద్దని చెప్పడం లేదు. నేను ఇప్పటికి మూడు కార్లు కొన్నాను, మూడూ సెకండ్ హ్యాండే. కొత్త బండి విలువ ఎక్కువగా పడిపోయేది మొదటి కొన్నేళ్లలోనే. ఆ నష్టం మొదటి యజమాని భరించేసి ఉంటాడు. మొదటి గీత ఎప్పుడు పడుతుందోనన్న టెన్షన్ ఉండదు. నెలలు గడిచేకొద్దీ బండి చప్పుడు చెవికి అలవాటైపోతుంది, ఏ శబ్దం మామూలుదో ఏది కొత్తగా వచ్చిందో ఇట్టే తెలిసిపోతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. కానీ ఆ పరిచయానికి టైమ్ పడుతుంది. మొదటి వారంలో బండి మీకు తెలియదు.

ఊళ్లో తిరిగినంతసేపు బయటపడని లోపాలు దూరం వెళ్తేనే ఎందుకు బయటపడతాయి? అక్కడ వేడి, బరువు, వేగం మూడూ ఒకేసారి మీద పడతాయి కాబట్టి. పది కిలోమీటర్లు తిరిగి ఆగే బండిలో టైరు పెద్దగా కాగదు, బ్రేకులు చల్లారుతూ ఉంటాయి, రేడియేటర్‌కి పరీక్ష రాదు. అమ్మే ఆయన అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. ఆయన రోజూ ఒక్కడే ఆఫీసుకి వెళ్లొచ్చే మనిషి అయితే ఆ లోపం ఆయనకీ తెలియదు. అరగంట టెస్ట్ డ్రైవ్‌లో మీకూ తెలియదు.

టైర్లు

గ్రిప్పు చూసి మోసపోకండి. రబ్బరుకి వయసు ఉంటుంది. తక్కువ తిరిగిన బండిలో గ్రిప్పు అరగదు గానీ రబ్బరు గట్టిపడి పెళుసెక్కుతుంది, లోపలి పొరల మధ్య పట్టు పోతుంది. టైరు పక్కన డీఓటీ అనే అక్షరాల వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. కొన్నిసార్లు పూర్తి అంకెలు లోపలి వైపే ఉంటాయి, అప్పుడు బండి కిందికి వంగి టార్చి వేసి చూడాల్సిందే. వంగడానికి బద్ధకించకండి. ఆరేళ్లు దాటితే ఏటా నిపుణుడికి చూపించాలి. పదేళ్లు దాటితే ఎంత బాగున్నట్టు కనిపించినా తీసేయాలి. స్టెప్నీకీ ఇదే లెక్క. బండితో పాటు వచ్చిన స్టెప్నీ ఒక్కసారి కూడా రోడ్డెక్కకుండానే ముసలిదై ఉంటుంది.

గాలి తక్కువున్న టైరు తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా నొక్కుకుపోతూ లోపలే కాగిపోతుంది. పేలడానికి చాలాసార్లు అదే కారణం. ఎంత గాలి కొట్టాలో డ్రైవర్ తలుపు తీస్తే లోపలి స్తంభం మీదో, ఇంధనం మూత లోపలి వైపో స్టిక్కర్ ఉంటుంది. చాలా బండ్లకు అందులో నిండు బరువుకి వేరే అంకె ఉంటుంది. ఐదుగురూ సామానూ ఉన్నప్పుడు ఆ అంకెనే పాటించాలి. టైరు మీద అచ్చువేసి ఉండేది గరిష్ఠ పరిమితి, అంత కొట్టకండి. గాలి చూడాల్సింది బయల్దేరే ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు.

రెండు టైర్లకే డబ్బుంటే కొత్తవి వెనక వేయించండి. ముందు టైర్లు జారితే బండి మలుపు తిరగకుండా తిన్నగా పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే చాలావరకు అదుపులోకి వస్తుంది. వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది, మామూలు డ్రైవర్ దాన్ని ఆపలేడు.

బ్రేకులు, ఇంజిన్

బ్రేక్ ప్యాడ్లు అందరూ చూస్తారు. బ్రేక్ ఆయిల్ ఎవరూ చూడరు. అది గాలిలోని తేమని పీల్చుకునే ద్రవం. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ప్రమాణాల లెక్కలో ఆ హద్దు 155 డిగ్రీలకు దిగుతుంది. పొడవాటి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకులు ఆ వేడిని అందుకుంటాయి, ఆయిల్ మరిగి ఆవిరవుతుంది, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. ఎప్పుడు మార్చారో తెలియకపోతే మార్పించేయండి.

టైమింగ్ బెల్టు (వాల్వులు, పిస్టన్లు లయ తప్పకుండా కదిలేలా చూసే బెల్టు) ఉన్న ఇంజిన్ అయితే దాన్ని మార్చిన బిల్లు అడగండి. మాట చాలదు, బిల్లు కావాలి. అది తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని వంగిపోతాయి. తెగే ముందు చాలాసార్లు ఏ హెచ్చరికా ఉండదు.

కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, దాని విషయం నా సొంత అనుభవం. నా మొదటి కారు కొన్న మూడో రోజే దూరం తీశాను. వేడి చూపించే ముల్లు పైకి లేచింది. ఇంకో పది కిలోమీటర్లలో ఊరొస్తుందని ఆగలేదు. ఇంజిన్ పై భాగం, అదే సిలిండర్ హెడ్, వంగిపోయింది, దాని కింద లీకు కాకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయింది. బండికి పెట్టిన దాంట్లో సగం మళ్లీ రిపేరుకే పోసాను. నేనూ చేసిన తప్పు అదే: కొన్న వారంలోనే దూరం వెళ్లడం.

మొదటి వెయ్యి కిలోమీటర్లు

ఇంటి దగ్గరే తిప్పండి. మొదట ఒక్కరే ఇరవై కిలోమీటర్లు, తర్వాత యాభై, ఆ తర్వాత వంద. తిరిగొచ్చిన ప్రతిసారీ రాత్రి బండి కింద అట్టముక్క పరచండి. తెల్లారి మరకలుంటే రంగు చూడండి. బండి చల్లారాక ఆయిల్, కూలెంట్ మట్టం గుర్తుపెట్టుకుని మర్నాడు పోల్చండి. కూలెంట్ రోజూ తగ్గుతూ కింద మరక కనిపించకపోతే, అది ఇంజిన్ లోపలికే పోతూ ఉండొచ్చు. ఇవన్నీ సరిగ్గా ఉన్నాక నిండు బరువుతో ఒకసారి దగ్గర్లో తిప్పి చూడండి. అప్పుడు మీ ప్రయాణం.

"రైలు టికెట్లు లేవు, గదులు బుక్ చేసేశాం" అంటారు. బస్సులో వెళ్లండి. బండి ఇంట్లో ఉంటుంది, ఎక్కడికీ పోదు.

ఇక మిగిలినవి:

ఉన్న డబ్బంతా బండి కొనడానికే పెట్టకండి. టైర్లు, బ్రేక్ ఆయిల్, బెల్టుకి పక్కన పెట్టాకే బేరం మొదలుపెట్టండి.

తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), ఇంజిన్ దీపాలు వెలిగి, ఇంజిన్ స్టార్ట్ అయ్యాక కాసేపటికి ఆరాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో ఆ దీపం అసలు వెలగకపోతే ఎవరో దాన్ని పనిచేయకుండా చేసి ఉండొచ్చు. అలాంటి బండి కొనకండి.

చాసిస్ నంబర్‌తో రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీయే బండిని వెనక్కి పిలవడం) ఉందేమో కంపెనీ దగ్గర కనుక్కోండి. టకాటా అనే కంపెనీ తయారుచేసిన ఎయిర్‌బ్యాగులు పేలినప్పుడు లోహపు ముక్కలు ఎగిరి మనుషులు చనిపోయారు. అవి అమర్చిన కోట్ల కార్లను వెనక్కి పిలిచారు. మార్పించుకోని పాత కార్లు చేతులు మారుతూనే ఉన్నాయి.

సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి. లోపలి భాగంలో బురద చార ఉంటే ఆ బండి వరదలో మునిగి ఉండొచ్చు.

వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీయకండి.

ముల్లు పైకి లేస్తే ఆపండి. ఊరొచ్చేదాకా కాదు, వెంటనే.

ఘాట్ దిగేటప్పుడు చిన్న గేరులో దిగండి. న్యూట్రల్ వేయకండి.

చక్రం విప్పి బిగించాక వంద కిలోమీటర్లలోపు నట్లు మళ్లీ బిగించండి.

టైరు పేలితే బ్రేకు తొక్కకండి. స్టీరింగ్ రెండు చేతులా గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలేసి, బండిని దానంతట అది నెమ్మదించనివ్వండి.

రాత్రి బయల్దేరకండి. కొన్న వారంలో అయితే పగలూ బయల్దేరకండి.

వెనక సీట్లో అందరికీ బెల్టు. పాత యజమాని వేయించిన సీటు కవర్ల కింద బెల్టు బకిల్స్ మూసుకుపోయి ఉంటాయి. మా స్నేహితుడి కారులోనూ అలాగే ఉంది, పెద్దబ్బాయి కూర్చున్న చోట బకిల్ కవరు కిందే ఉండిపోయింది. ఈ రాత్రే వెళ్లి వెనక సీటు తడిమి చూడండి. బకిల్ చేతికి తగలకపోతే కత్తెర తీసుకుని కవరు కోసేయండి.