వీఎల్‌సీ వాడుతున్నారా? ముందు వెర్షన్ చూసుకోండి

వీడియో ఫైలుతో ప్రమాదమేమిటని చాలామంది అనుకుంటారు. నిజంగా ఉంది. ఉత్త సబ్‌టైటిల్ ఫైలుతోనే వీఎల్‌సీ, కోడి వంటి వీడియో ప్లేయర్ల ద్వారా కంప్యూటర్‌ను చేజిక్కించుకోవచ్చని 2017లో చెక్ పాయింట్ అనే సైబర్ భద్రతా సంస్థ పరిశోధకులు చూపించారు. 2019 జూన్‌లో వచ్చిన వీఎల్‌సీ 3.0.7 ఒక్కటే 30కి పైగా భద్రతా లోపాలను సరిచేసింది.

విండోస్‌లో వీఎల్‌సీ తెరిచి, హెల్ప్ మెనూలో ‘చెక్ ఫర్ అప్‌డేట్స్’ నొక్కండి. అది పనిచేయకపోతే వీఎల్‌సీని తయారుచేసే వీడియోలాన్ అధికారిక సైటు నుంచే దించుకోండి. వెతికినప్పుడు పైన కనిపించే ప్రకటనల లింకుల జోలికి దయచేసి వెళ్లకండి. ఆండ్రాయిడ్ ఫోనుకైతే ప్లే స్టోర్ చాలు. అప్‌డేట్ పూర్తయ్యేదాకా ఎవరో పంపిన ఎంకేవీ, ఏవీఐ వీడియో ఫైళ్లు తెరవవద్దు. ఇంట్లో పెద్దవాళ్ల ల్యాప్‌టాప్ కూడా చూడండి, పాత వెర్షన్ ఏళ్ల తరబడి ఉండిపోయేది ఎక్కువగా అక్కడే.