పక్క సాలు పసుపెక్కాకే మార్కు వేయండి

సోయా చిక్కుడులో క్రాసింగ్‌కి (రెండు రకాలను కలిపి కొత్తది తీయడానికి) తెగులు తట్టుకునే రకం కావాలని ఆదిలాబాద్ వచ్చే ఎమ్మెస్సీ పిల్లలు నన్ను మొదట అడిగేది "మేడమ్, ఏ రకం పెట్టమంటారు?" అని. ఏ తెగులుకు అని నేను తిరిగి అడుగుతాను. ఆకులు పసుపెక్కించే పల్లాకు తెగులుకు నిలబడిన రకం తుప్పు తెగులుకు పడిపోవచ్చు. మీ రైతును ముంచేది ఏదో ముందు తేల్చుకోండి.

తర్వాత విత్తనం. ఇందోర్‌లోని సోయాబీన్ పరిశోధన సంస్థనో, ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థనో రాతపూర్వకంగా అడగాలి. వచ్చేది గుప్పెడు గింజలే, అన్నీ ఒకేసారి విత్తేయకండి. ఉత్తరాదిన తట్టుకుందని రాసి ఉన్నా ఇక్కడ మళ్ళీ పరీక్షించాల్సిందే. పల్లాకు తెగులు తెచ్చే వైరస్ అక్కడా ఇక్కడా ఒకటే కాదు.

అసలు పని పొలంలో ఉంది. నేను చేరిన రెండో ఏడు, మడి తూర్పు మూలన ఒక లైన్ (పరీక్షకు పెట్టిన వంశం) సెప్టెంబరు దాకా ముదురాకుపచ్చగా నిలబడింది. సంబరంగా ట్యాగు కట్టి, విడిగా కోయించి, క్రాసులు కూడా చేశాను. మరుసటేడు అదే లైన్ నలభై రోజులకే పసుపెక్కింది. పాత నోటుబుక్కు తిరగేస్తే సంగతి తెలిసింది. ఆ మూలన పక్క సాలులో ఉన్న, ఈ తెగులుకు ఇట్టే పడిపోయే జేఎస్ 335 రకం కూడా ఆ ఏడు పచ్చగానే ఉంది! అంటే వైరస్‌ను మోసుకొచ్చే తెల్లదోమే అటువైపు రాలేదు. ఒక సీజన్ పోయింది.

అప్పటి నుంచి ప్రతి రెండు సాళ్ళకి ఒక సాలు జేఎస్ 335 వేయిస్తాను, మడి చుట్టూ కూడా అదే. పల్లాకు తెగులుకు అది తేలిగ్గా లొంగుతుంది, మనకు కావలసిందీ అదే. పురుగుమందు కొట్టించకండి, తెల్లదోమ రావాలి. పక్క ప్లాటు వాళ్ళకీ చెప్పుకోండి, గాలికి మందు మన సాళ్ళ మీద పడుతుంది. జేఎస్ 335 బాగా పసుపెక్కాకే లైన్లకు స్కోరు (ఏది ఎంత తట్టుకుందో మార్కు) వేయడం మొదలుపెట్టండి. మొదటి చుక్కలు లేత ఆకులో ఒక ఈనెకీ ఇంకో ఈనెకీ మధ్య ఆవగింజంత ఉంటాయి, నడుస్తూ చూస్తే కనబడవు. వంగి, ఆకును వెలుతురుకు అడ్డంపెట్టి చూడాలి.

తుప్పు తెగులుకైతే అది ఏటా వచ్చే చోటికే లైన్లు పంపాలి. బెళగావి జిల్లా ఉగార్ ఖుర్ద్ అలాంటిదే. అక్కడ ఆకు తిప్పి భూతద్దం పెట్టండి. లేత గోధుమరంగు బొడిపెలుండి, వేలికి పొడి బాగా అంటితే మొక్క లొంగినట్టే. ఎర్రటి గోధుమరంగు మచ్చలుండి పొడి అంతగా రాలకపోతే అది తెగులును ఆపుతోంది. మచ్చ ఉందని దాన్ని పీకేయకండి, దయచేసి! ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు ఈసీ 241778 అనే లైన్‌ను ఇదే జేఎస్ 335తో కలిపి తుప్పును తట్టుకునే డీఎస్‌బీ 21 అనే రకం తెచ్చారు.

కనీసం రెండు వానాకాలాలు నిలబడిన లైన్‌నే క్రాసింగ్‌కి తీసుకోండి. ఎఫ్2 (క్రాసు తర్వాతి రెండో తరం) మొక్కల్లో ఎన్ని నిలిచాయి, ఎన్ని పడ్డాయి అని లెక్కపెట్టేటప్పుడు కూడా పక్కన జేఎస్ 335 సాలు ఉండాలి.