గన్నవరం మెటార్‌ని యాప్ సాయం లేకుండా చదవడం ఎలా

మెటార్ అంటే ఒక ఎయిర్‌పోర్ట్‌లో వాతావరణం ఎలా ఉందో పొట్టి కోడ్‌లో చెప్పే రిపోర్ట్. పైలట్ లైసెన్స్ కోసం డీజీసీఏ (పౌర విమానయాన డైరెక్టరేట్) పెట్టే మెటియోరాలజీ, అంటే వాతావరణ శాస్త్రం పేపర్‌కి చదువుతున్న మన విజయవాడ, గుంటూరు పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. వాతావరణం సంగతి మామూలు మాటల్లో చెప్పొచ్చు కదా, ఈ కోడ్ గోల ఎందుకు, ఎలాగూ యాప్ విడమరిచి చూపిస్తోంది కదా అని. అడగడంలో న్యాయం ఉంది. 1968లో మెటార్ పద్ధతి మొదలైనప్పుడు ఈ సమాచారం టెలిప్రింటర్ల మీద వెళ్లేది, అక్షరాలు ఎంత తగ్గితే అంత మేలు. ఇప్పుడా ఇబ్బంది లేదు. అయినా కోడ్ తీసేయొద్దనే నేనంటాను. ఎందుకన్నది చదవడం వచ్చాక మీకే అర్థమవుతుంది, కాబట్టి ముందు ఆ పని చూద్దాం.

జనవరి పొద్దున గన్నవరం నుంచి ఇలాంటిది వచ్చిందనుకోండి. అసలు కోడ్ ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది, ఇక్కడ నోటితో చదివినట్టు రాస్తున్నాను.

మెటార్ వీఓబీజెడ్ 150100జెడ్ 00000కేటీ 0600 ఎఫ్‌జీ ఎన్‌ఎస్‌సీ 18/18 క్యూ1015 బీఈసీఎంజీ 1500 బీఆర్

టికెట్ మీద మన ఎయిర్‌పోర్ట్ పేరు వీజీఏ అని ఉంటుంది, వాతావరణ రిపోర్టుల్లో మాత్రం వీఓబీజెడ్. తర్వాత వచ్చే 15 తేదీ, 0100 టైమ్, చివర జెడ్ అంటే అది యూటీసీ, ప్రపంచమంతటికీ ఒకటే లెక్కగా వాడే టైమ్. దానికి 5 గంటల 30 నిమిషాలు కలిపితే మన టైమ్, పొద్దున్న 6:30. ఇక్కడ చాలామంది తేదీ దగ్గర తప్పు చేస్తారు: 142000జెడ్ అంటే 14వ తేదీ రాత్రి కాదు, మనకి 15 తెల్లవారుజాము 1:30. ఏ రిపోర్ట్ చూసినా మొదట టైమ్ చూడండి, పాతబడిన రిపోర్ట్ ఎంత చక్కగా విడమరిచినా పాతదే.

00000కేటీ అంటే గాలి లేదు. 0600 అంటే విజిబిలిటీ, కంటికి కనిపించే దూరం, 600 మీటర్లు. ఎఫ్‌జీ పొగమంచు, 1000 మీటర్ల లోపు ఉంటేనే ఆ పేరు వాడతారు. 1000 నుంచి 5000 మీటర్ల వరకు కనిపిస్తుంటే అదే మంచుని బీఆర్ అంటారు. ఈ బీఆర్ ఫ్రెంచి మాట బ్రూమ్ నుంచి వచ్చింది, ఇంగ్లిష్‌లో దేనికి పొడి అక్షరాలో అని వెతికి బుర్ర పాడుచేసుకోకండి. ఎన్‌ఎస్‌సీ అంటే పట్టించుకోవాల్సిన మేఘాలు లేవు. క్యూ1015 గాలి పీడనం, విమానం ఎత్తు చూపించే ఆల్టిమీటర్‌లో పెట్టుకునే సంఖ్య. చివరి ముక్క వచ్చే రెండు గంటల సంగతి: విజిబిలిటీ 1500 మీటర్లకి పెరుగుతుంది, పొగమంచు పల్చబడుతుంది.

మధ్యలో 18/18 వదిలేశాను కదా, కావాలనే వదిలాను. మొదటిది ఉష్ణోగ్రత, రెండోది డ్యూ పాయింట్, అంటే గాలి ఎంతవరకు చల్లబడితే అందులో తేమ నీటిబొట్లుగా మారుతుందో ఆ ఉష్ణోగ్రత. రెండూ కలిశాయంటే గాలి ఇక తేమని మోయలేదు. సాయంత్రం రిపోర్టులో 25/20 ఉండి, రాత్రికి 21/19 అయ్యి, ఆకాశం తేటగా ఉండి, గాలి కూడా పడిపోయిందంటే తెల్లారేసరికి పొగమంచు పడే అవకాశం గట్టిగా ఉన్నట్టే. గన్నవరం చుట్టూ పొలాలు, పక్కనే ఏలూరు కాలవ, తేమకి కొదవేముంది. ఇదే రాత్రి మామూలు మాటల యాప్ చూస్తే "ఆకాశం నిర్మలం" అని చంద్రుడి బొమ్మ చూపిస్తుంది. అబద్ధం కాదు. కానీ పైలట్‌కి కావాల్సింది ఆ రెండు అంకెలు దగ్గరపడుతున్న తీరు, అది బొమ్మలో ఉండదు.

ఇంకోటి, నాకు బాగా గుర్తుండిపోయింది. ఒక మే నెల సాయంత్రం మా బాబాయ్ హైదరాబాద్ నుంచి వస్తుంటే తీసుకురావడానికి బయల్దేరాను, ఫోన్‌లో ఒక యాప్ "అక్కడక్కడా మేఘాలు" అంది, నేను నిశ్చింతగా ఉన్నాను. తీరా వెళ్లేసరికి గాలిదుమారం, ఉరుములు, విమానం పైనే చక్కర్లు కొడుతోంది, పిన్ని ఫోన్ మీద ఫోన్, ఒకటే టెన్షన్. అప్పుడు మెటార్ తెరిస్తే అందులో ఎఫ్‌ఈడబ్ల్యూ030సీబీ అని ఉంది. ఆకాశాన్ని 8 భాగాలు చేస్తే 1, 2 భాగాల్లో మేఘం ఉంటే ఎఫ్‌ఈడబ్ల్యూ. 3, 4 అయితే ఎస్‌సీటీ. 5 నుంచి 7 అయితే బీకేఎన్. మొత్తం కమ్మేస్తే ఓవీసీ. 030 పక్కన రెండు సున్నాలు పెట్టండి, 3000 అడుగులు. ఇంతవరకు యాప్ చెప్పింది నిజమే, మేఘం కొంచెమే. తోక మీదున్న సీబీ మాత్రం క్యుములోనింబస్, పిడుగులూ వడగళ్లూ ఈదురుగాలులూ మోసుకొచ్చే మేఘం. సులువు చేసే వాడు ఆ రెండు అక్షరాలు రాలగొట్టాడు. నేను కోడ్ పక్షాన నిలబడింది ఆ రోజు నుంచే.

గాలి చదవడం మనవాళ్లకి తేలిక. 26012జీ24కేటీ అంటే 260 డిగ్రీల వైపు నుంచి వీచే గాలి, వేగం 12 నాట్లు, ఉండుండి 24 దాకా. ఎటు నుంచి వస్తే ఆ పేరే, మనం పడమటి గాలి అంటామే, అచ్చం అలాగే. గన్నవరం రన్‌వే 08/26, అంటే ఒక కొస నుంచి దాదాపు 80 డిగ్రీల వైపు, రెండో కొస నుంచి 260 వైపు చూస్తుంది కాబట్టి ఈ గాలికి 26 వైపు దిగితే ఎదురుగాలి, అదే కావాల్సింది.

మార్చాల్సింది ఏమీ లేదని మాత్రం నేను అనను. ముందస్తు అంచనా టాఫ్ చూడండి, మార్పుల మీద మార్పులు ఒకే ముద్దగా వచ్చి పడతాయి, అర్ధరాత్రి అలిసిపోయిన కళ్లతో చదివేవాళ్లకి ఏ ముక్క ఎక్కడ మొదలైందో దొరకదు. ఒక్కో మార్పుని ఒక్కో వరుసలో చూపించాలి, కోడ్ పక్కనే మామూలు మాటలూ ఇవ్వాలి. పక్కన, బదులుగా కాదు. యంత్రాలు చదువుకోవడానికి ఐడబ్ల్యూఎక్స్ఎక్స్ఎం అనే వేరే రూపం ఎలాగూ ఉంది, ఆ పని దానికి వదిలేసి మనుషులకి చూపించే తీరు బాగు చేయొచ్చు.

ఇప్పుడు సాధన. భారత వాతావరణ శాఖ ఆన్‌లైన్ బ్రీఫింగ్ సైట్‌లో మెటార్లు దొరుకుతాయి. సాయంత్రం 5:30ది, అంటే 1200జెడ్ రిపోర్ట్, యాప్ తెరవకుండా నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకోండి, కింద రేపు పొద్దున ఎలా ఉంటుందో మీ అంచనా రాయండి. పొద్దున్నే 0100జెడ్ రిపోర్ట్‌తో సరిపోల్చండి. గుంటూరు వాళ్లు మీ కిటికీలోంచి చూసి తప్పొప్పులు తేల్చకండి, అరండల్‌పేటలో దంచికొడుతున్న వాన గన్నవరంలో చినుకు కూడా కాకపోవచ్చు, మెటార్ చెప్పేది ఆ ఎయిర్‌పోర్ట్ సంగతే. మధ్యలో స్పెసీ అని మొదలయ్యేది కనిపిస్తే మిగతావి పక్కనపెట్టి ముందు అది చదవండి. పరిస్థితి ఒక్కసారిగా మారితే, మామూలు టైమ్ దాకా ఆగకుండా పంపేది అదే.