కాలి బొక్క అతకక కాలు చుట్టు ఇనుప రింగు పెట్టించుకునేటోళ్లు, వాళ్ల ఇంటోళ్లు ఇది సదువుండ్రి

మా తమ్మునికి చిట్యాల దాటినంక హైవే మీద బండి యాక్సిడెంటయి కుడికాలు మోకాలి కింద ఇరిగింది, బొక్క తోలు చీల్చుకొని బయటికొచ్చింది. బొక్క లోపల రాడ్ ఏసిన్రు, మూడు నెలల్ల నడుస్తడన్నరు. పదకొండు నెలలయినా చంకకర్రలు ఇడవలే. ఎప్పుడు పోయినా ఎక్స్‌రే తీసుడు, "అతుకుతది తియ్యి, క్యాల్షియం ఏస్కో" అని పంపుడు. ఆ ముచ్చట నమ్మి మేం కూసున్నం, అదే మా తప్పు. ఆరు నెలలు దాటినా కాలు మోపితే ఇరిగినకాడ నొప్పి లేస్తుందంటే, మూడు నెలల కింది ఎక్స్‌రేకు ఇప్పటి ఎక్స్‌రేకు తేడా కనిపిస్తలేదంటే ఇంకో బొక్కల డాక్టర్‌కు చూపియ్యుండ్రి. పుండులకెల్లి నీళ్లో చీమో కారుతుంటే ఆరు నెలలు గూడ ఆగొద్దు. నాటు కట్టుకు మాత్రం పోకుండ్రి, లోపల చీముంటే పైన కట్టు కట్టి ఏం లాభం.

అసలు ఈ బొక్కే ఎందుకు సతాయిస్తదంటే, మేక నల్లీ బొక్క చూసిన్రు కదా, దాని చుట్టు కండ ఉంటది, మన మోకాలి కింద కాలు ముందట లోపలివైపు తడిమి చూడుండ్రి, తోలు కిందనే బొక్క తగుల్తది, కండే లేదు. కండ లేనికాడ నెత్తురు తక్కువ, నెత్తురు తక్కువయితే అతుకుడు లేటు. చీలమండకు దగ్గర్ల ఇరిగితే ఇంకా కష్టం. దానికి తోడు బీడీ, షుగర్. బీడీ తాగేటోని బొక్క నిజంగనే లేటుగ అతుకుతది, ఆపరేషన్‌కు ముందే బంద్ చెయ్యాలె, "తగ్గిస్త" అంటే నడవది.

డాక్టర్‌ను మొదట అడగాల్సింది ఒక్కటే, లోపల ఇన్ఫెక్షన్ ఉందా లేదా. లేకుంటే పని కొంచెం అల్క. బొక్క కొసలు లావుగ పెరిగి మధ్యల మాత్రం అతకలేదంటే నెత్తురు బాగనే అందుతుంది, కదలకుంట పట్టుకునేది లేదన్నట్టు, పాత రాడ్ తీసి లావు రాడ్ ఏస్తే చాలామందికి అతుకుతది. కొసలు సన్నగయి ఎండిపోయినట్టుంటే నడుము పక్క బొక్కల నుంచి గుజ్జు తీసి పెడ్తరు. ఒక్కోసారి పక్కనున్న సన్న బొక్క ముందుగాల అతికి పెద్ద బొక్క కొసల్ని దగ్గరికి రానియ్యది, అప్పుడు సన్నదాంట్ల చిన్న ముక్క కోసి తీసేస్తరు, దానికి భయపడకుండ్రి.

ఇన్ఫెక్షన్ ఉంటే కథ వేరే. రాడ్ తీసెయ్యాలె, సచ్చిన బొక్కంత కొయ్యాలె, మంచి బొక్క మీద కారం చల్లినట్టు సన్నగ ఎర్ర నెత్తురు చుక్కలు కనిపించేదాంక కోస్తరు. దానికి ముందు లోపలి ముక్కలు కల్చర్‌కు, అంటే ఏ క్రిమి ఉందో చూసే టెస్ట్‌కు, పంపుతరు. కుదిరితే రెండు వారాల ముందు నుంచే యాంటీబయోటిక్ ఆపమంటరు, ఎందుకంటే మందు మీదుంటే క్రిమి దొరకది, ఏ మందు పనిచేస్తదో తెల్వది. ఆపుడు మాత్రం వాళ్లు చెప్తేనే, మీ అంతల మీరు ఆపకుండ్రి.

కోసినంక గ్యాప్ మిగుల్తది. మా వానికి 5 సెంటీమీటర్లు. రెండు తొవ్వలుంటయి. ఒకటి, ఆ జాగల మందు కలిపిన బోన్ సిమెంట్ ముద్ద పెట్టి 6 నుంచి 8 వారాలు ఉంచితే దాని చుట్టు ఒక పొర కడ్తది, తర్వాత సిమెంట్ తీసి ఆ పొరల బొక్క గుజ్జు నింపుతరు, మాస్కెలే అనే ఫ్రాన్స్ డాక్టర్ పద్ధతి. రెండోది రింగు, అంటే కాలు చుట్టు బయట ఇనుప రింగులు పెట్టి, తోలులకెల్లి బొక్కలకు తీగలు దింపి రింగులకు బిగిస్తరు, రింగుల్ని నట్లున్న రాడ్లతోని కలుపుతరు. సోవియట్ రష్యాల కుర్గాన్ అనే ఊర్ల ఇలిజరోవ్ అనే డాక్టర్ 1950ల నుంచి చేసుకుంట వచ్చిన పద్ధతి. మంచిగున్న బొక్కను పైన ఇంకోకాడ కోసి, ఆ ముక్కను రోజుకింత కిందికి జరుపుకుంట పోతరు, ఎనకాల ఖాళీల కొత్త బొక్క పుడ్తది. నాకు చెప్పినప్పుడు నేను నమ్మలే, ఎక్స్‌రేల దూదిలెక్క కనిపించినంక నమ్మిన.

ఆపరేషన్ అయినంక ఓ వారం పదిరోజులు ఆగి తిప్పుడు షురూ చేస్తరు. ఇగ ఇక్కడికెల్లి పని మీది. నట్టు పావు చుట్టు తిప్పితే పావు మిల్లీమీటర్, రోజుకు నాలుగుసార్లు, మొత్తం ఒక మిల్లీమీటర్. మాకు పది నంబర్ పానా ఇచ్చిన్రు, బండి రిపేర్‌కు వాడేటిదే. మా వదిన నట్టుకు ఒక పక్క ఎర్ర నెయిల్ పాలిష్ పెట్టింది, ఎక్కడిదాంక తిప్పినమో చూస్తనే తెలుస్తది, ఏ దిక్కు తిప్పాలెనో బాణం గీసుకొని గోడకు క్యాలెండర్ పక్కన అంటేసింది. పొద్దుగాల 6కు, పగటీలి 12కు, మాపటీలి 6కు, రాత్రి పండుకునే ముందు. ఒకసారి మర్చిపోతే తర్వాత రెండు కలిపి తిప్పకుండ్రి, ఫోన్ చేసి అడుగుండ్రి. ఉల్టా తిప్పితే మొదటికొస్తది.

5 సెంటీమీటర్లకు 50 రోజులు తిప్పుడే. అది అయిపోంగనే రింగు తీస్తరనుకున్నం, కాదు, పుట్టిన మెత్తటి బొక్క గట్టిపడనీకి తిప్పిన దినాలకు రెండింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడ్తది. జరుపుకుంట పోయిన ముక్క కింది కొసకు తగిలినకాడ అతకకుంటే మళ్ల చిన్న ఆపరేషన్, గుజ్జు పెట్టుడు. ఏడాది అనుకొనే మనసు గట్టిగ చేసుకోండ్రి.

తీగలు తోలుల దిగినకాడ కడుగుడు రోజు పని. చేతులు సబ్బుతో కడుక్కొని, డాక్టర్ రాసిన మందునీళ్లల్ల గాజ్ బట్ట (పుండుకు కట్టే పల్చటి బట్ట) తడిపి, ఒక్కో తీగకు ఒక్కో ముక్క. ఒకదానికి తుడిసింది ఇంకోదానికి పెట్టొద్దు, చీము గట్లనే పాకుతది. పసుపు, కొబ్బరినూనె ఏం రుద్దకుండ్రి. ఎర్రగ వాచినా, చీమొచ్చినా, తీగ కదిలినా, జెరమొచ్చినా అదే రోజు పోవాలె. ఇంకోటి, పాదం కిందికి వాలిపోతది, పాదానికి పట్టీ ఏసి పైకి గుంజి పెట్టాలె, మేం పది రోజులు పట్టించుకోలే, ఆ మడమ సక్కగ చేసేతందుకు ఫిజియోథెరపీ నెలలు పట్టింది.

నడుస్తనే ఉండాలె, వాకర్‌తో, వాళ్లు ఎంత బరువు మోపమంటే అంత. రింగుతో కూసుంటే బొక్క గట్టిపడది. లుంగీ మంచిగుంటది, ప్యాంటు కావాలంటే కుట్టేటాయన దగ్గర పక్కకు చీల్పిచ్చి ప్రెస్ బటన్లు పెట్టిచ్చుకోండ్రి. పాయ సూప్ తాగితే తాగుండ్రి, మా అమ్మ వారం వారం చేసింది, కానీ గుడ్లు, పప్పు, చికెన్ తక్కువ చెయ్యకుండ్రి, విటమిన్ డి టెస్ట్ గూడ చేపిచ్చుకోండ్రి. నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినోళ్లు ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పుండ్రి, అసొంటి బొక్క ఎక్స్‌రేల గట్టిగ కనిపిస్తది కానీ పెళుసు.

పైసల సంగతి. తెలంగాణల ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌ల 10 లక్షలు చేసిన్రు. అడ్మిట్ కాకముందే దవాఖానల ఆరోగ్యమిత్ర దగ్గరికి పోయి, మీ ఆపరేషన్ దాంట్ల వస్తదా, రెండో ఆపరేషన్, రింగు తీసుడు గూడ వస్తయా అని విడివిడిగ అడుగుండ్రి.

రింగు తీసేముందు రింగుల నడుమ రాడ్లు కొంచెం వదులు చేసి కొన్నిరోజులు నడిపిచ్చి చూస్తరు. తీసినంక గూడ బొక్క కొత్తదే, బ్రేస్ ఏసుకోమంటే ఏసుకోవాలె, మళ్ల ఇరిగినోళ్లు ఉన్నరు. కుడికాలయితే బండి కిక్ కొట్టుడు బంద్, సెల్ఫ్ ఉన్న బండే, అది గూడ డాక్టర్ సరే అన్నంకనే.